వెనక మూత లేచిన ఫోను: పర్లాకిమిడి పాఠకురాలికి సమాధానం

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. 9 నెలల క్రితం శ్రీకాకుళంలో 17,500 రూపాయలు పెట్టి ఒక ఫోను కొన్నాను. రెండు నెలలుగా ఛార్జింగు సరిగా ఎక్కడం లేదు. రాత్రి పెడితే 80 దగ్గర ఆగిపోతోంది. ఒక్కోసారి వైరు అటూ ఇటూ కదిపితే తప్ప ఎక్కదు. ఫోను బాగా వేడెక్కుతోంది. ఈ మధ్య వెనక మూత ఎడమ పక్కన కొంచెం లేచినట్టు కూడా ఉంది. బరంపురంలో సర్వీసు సెంటరుకు తీసుకెళితే విప్పకుండానే "తడి తగిలింది, బోర్డు మార్చాలి, 6,200 అవుతుంది" అన్నారు. కొన్న దుకాణంలో అడిగితే "మీది ఒడిశా కదా, అక్కడే చూసుకోండి" అన్నారు. మా ఊళ్ళో సాయంత్రం పూట ఓల్టేజీ బాగా తగ్గుతుంది, దానివల్లేనా? ఇక్కడి కుర్రాడొకడు 600 రూపాయలకు బ్యాటరీ వేస్తానంటున్నాడు. కంపెనీని కొత్త ఫోను అడిగే హక్కు నాకు ఉందా?
ఒక ఉపాధ్యాయురాలు, గజపతి జిల్లా

సమాధానం: అమ్మా, మీరు అన్నిటికన్నా చివర "కూడా" అని చేర్చి రాసిన విషయాన్నే నేను ముందుగా తీసుకుంటున్నాను. కింద పడకుండా, ఎవరూ విప్పకుండా వెనక మూత తనంతట తాను లేచిందంటే లోపల బ్యాటరీ ఉబ్బిందనే అనుకోవాలి. ఈ సమాధానం పూర్తిగా చదవకముందే మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. ఆ ఫోనును ఇక ఛార్జింగులో పెట్టకండి. మిగిలిన ఛార్జింగుతోనే ఫొటోలు, ఫోను నంబర్లు, బడి కాగితాలు వేరే చోటికి ఎక్కించుకుని, ఫోను ఆపేయండి. లేచిన మూతను వేలితో నొక్కి సరిచేయాలని చూడవద్దు, బిగుతైన కవరు తొడగవద్దు, దిండు కింద గాని, పిల్లల చేతికి అందేచోట గాని ఉంచవద్దు. పొడి ఇసుక పోసిన మట్టి మూకుడులో పెట్టి, చుట్టూ బట్టలు, కాగితాలు లేని సిమెంటు గచ్చు మీద ఉంచండి. ఇంత చెబుతున్నందుకు భయపడవద్దు. ఉబ్బిన ప్రతి బ్యాటరీ మండదు, అయితే మండినవాటిలో నొక్కినవీ, గుచ్చినవీ, ఉబ్బాక కూడా ఛార్జింగులో పెట్టినవీ ఎక్కువ.

ఎందుకు ఉబ్బుతుందో తెలిస్తే సర్వీసు సెంటరులో మాట్లాడటానికి మీకు పట్టు దొరుకుతుంది. ఫోను బ్యాటరీలో పలచని రాగి రేకు, అల్యూమినియం రేకు, ఆ రెంటి మధ్య అంతకంటే పలచని ప్లాస్టిక్ పొర చాపచుట్టలా చుట్టి ఉంటాయి. ఆ చుట్టను మండే గుణమున్న ఒక ద్రవంతో తడిపి, వెండిరంగు సంచిలో గాలి చొరకుండా మూసేస్తారు. నిండా ఛార్జింగు ఎక్కినప్పుడు దాని ఓల్టేజీ 4.2 నుంచి 4.45 మధ్య ఉంటుంది. పొరలో ఏదైనా లోపం ఉండి లోలోపల కొద్దికొద్దిగా షార్టు అవుతున్నా, నిండిన బ్యాటరీ ఎక్కువసేపు వేడిలో ఉన్నా ఆ ద్రవం విరిగిపోయి వాయువుగా మారుతుంది. సంచికి బయటికి దారి లేదు గనుక ఉబ్బుతుంది, మూతను అంటించిన జిగురు ఆ ఒత్తిడికి వీడుతుంది. వాడకంతో ముసలిదైన బ్యాటరీ మూడో ఏడో, నాలుగో ఏడో ఉబ్బితే అది అరుగుదల అనుకోవచ్చు. మామూలు బ్యాటరీ సుమారు 500 సార్లు నిండి ఖాళీ అయ్యాక కూడా తన శక్తిలో 80 శాతం దాకా నిలుపుకోవాలని లెక్క. 9 నెలలంటే 270 రోజులు. రోజుకొకసారి నింపినా ఆ లెక్కలో సగానికి కొంచెం మించుతుంది, అంతే. ఇంత తొందరగా ఉబ్బినదాన్ని తయారీ లోపంగానే చూడాలి.

మీరు చెప్పిన మిగతా రెండు లక్షణాలను దీనితో కలిపి చెప్పకండి. కలిపి చెబితే మీకే నష్టం. 80 దగ్గర ఆగడం చాలా ఫోన్లలో జబ్బు కాదు. బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలని కంపెనీలే సెట్టింగులలో ఆ ఏర్పాటు పెడుతున్నాయి. సెట్టింగులలో బ్యాటరీ అన్నచోట చూస్తే బ్యాటరీ రక్షణ అనో, అటువంటి ఇంకో పేరుతోనో కనిపిస్తుంది. ఒకవేళ అది ఆపివేసి ఉన్నా ఛార్జింగు 80 దగ్గరే నిలిచిపోతుంటే, వేడి వల్ల ఫోను తనకు తాను ఆపుకుంటోందని అనుకోవాలి. బ్యాటరీ పక్కన వేడిని కొలిచే చిన్న భాగం ఒకటి ఉంటుంది. అది 45 డిగ్రీల చుట్టుపక్కలకు చేరిందని చెప్పగానే ఫోను ఛార్జింగును తగ్గిస్తుంది, లేదా నిలిపేస్తుంది.

వైరు కదిపితే ఎక్కడం పూర్తిగా వేరే కథ. బరంపురంలో నా మరమ్మతు బల్ల ముందుకు "ఛార్జింగు ఎక్కడం లేదు" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి నేను మొదట చేసే పని, దీపం పెట్టి ఫోనులో వైరు గుచ్చే పిన్నులోకి చూడటం. టైప్-సి పిన్ను మధ్యలో చిన్న నాలుక లాంటి పలక ఉంటుంది. దాని వెనక అడుగున బూడిదరంగు దూది అట్టకట్టి కనిపిస్తుంది. జేబులో నుంచి, చేతిసంచిలో నుంచి, చీర కొంగులో నుంచి రాలిన నూగు నెలల తరబడి పేరుకుంటుంది, వైరు పెట్టిన ప్రతిసారీ దాన్ని ఇంకాస్త లోపలికి కూరుతుంది. చివరికి వైరు పూర్తిగా దిగక, పట్టీ పట్టనట్టు నిలుస్తుంది. ఫోను ఆపి, చెక్క పుల్లను సన్నగా చెక్కి, ఆ నాలుకను తాకకుండా గోడ వెంబడి మెల్లగా లాగితే ఒక్కోసారి కందిగింజంత ఉండ బయటికి వస్తుంది. పిన్నీసు, సూది మాత్రం వాడకూడదు. మీ ఫోను విషయంలో ఇప్పుడు ఆ పని కూడా మీరు చేయవద్దు, ఉబ్బినదాన్ని కదపకపోవడమే మేలు. సర్వీసు సెంటరులో మీ ఎదుటే శుభ్రం చేయమని అడగండి. అది నిమిషం పని.

ఓల్టేజీ గురించి మీకున్న అనుమానం మన వైపు పల్లెల్లో అందరికీ ఉన్నదే. మీ ఛార్జరు తీసి దాని ఒంటి మీది సన్నని అక్షరాలు చదవండి. ఇన్‌పుట్ అన్నచోట 100 నుంచి 240 ఓల్టులు అని ఉంటుంది. ఆ మేర ఓల్టేజీ తగ్గినా పెరిగినా ఫోనుకు వెళ్ళే కరెంటులో మార్పు రాకుండా చూడటమే ఛార్జరు పని. సాయంత్రం మీ ఇంట్లో ఫ్యాను నీరసంగా తిరిగినంత మాత్రాన ఫోను బ్యాటరీ ఉబ్బదు. పిడుగు వల్లనో, పోయిన కరెంటు ఒక్కసారిగా రావడం వల్లనో దెబ్బ తగిలితే ముందు పోయేది ఛార్జరే, ఆ తరువాత లోపలి ఛార్జింగ్ ఐసీ, అంటే ఛార్జింగును నడిపే చిన్న చిప్పు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక, ఎక్కడ జనరేటరు ఉంటే అక్కడ జనం ఫోన్లు పెట్టుకున్నారు. ఆ నెలలో నా దగ్గరికి వచ్చినవి కాలిన ఛార్జర్లు, పోయిన ఐసీలు. ఉబ్బిన బ్యాటరీలు కావు. కనుక "మీ ఊరి కరెంటు వల్లే" అని ఎవరైనా అంటే ఒప్పుకుని తలూపకండి. ఆ మాట కాగితం మీదికి ఎక్కిందంటే వారంటీ వర్తించదనడానికి దాన్నే సాకు చేస్తారు.

ఇక "తడి తగిలింది" అన్న మాట. ఫోను లోపల ఒకటి రెండు చోట్ల, కొన్ని మోడళ్ళలో సిమ్ము పెట్టే సందులో కూడా, చిన్న తెల్లని కాగితపు ముక్క అంటించి ఉంటుంది. నీళ్ళు తాకితే అది ఎర్రగా మారుతుంది. మామూలు గాలి చెమ్మకు మారకుండా తయారుచేస్తారు గనుక, సముద్రం దగ్గరి ఊరు కాబట్టి మారిందనడం కుదరదు. విప్పకుండానే తడి అన్నారని రాశారు, దేన్ని చూసి అన్నారో నాకు అర్థం కాలేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు "ఎర్రబడిన ముక్క నాకు చూపించండి, దానికి ఫొటో తీసి ఇవ్వండి" అని మర్యాదగా, గట్టిగా అడగండి. నిజంగానే ఎర్రబడి ఉంటే మీ వాదన కొంత బలహీనపడుతుంది. తెల్లగా ఉంటే ఆ 6,200 రూపాయల మాటకు అక్కడితో ఆధారం పోయినట్టే.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. 2019లో మా ఇంట్లో ఫోను, కొన్న 5 నెలలకే ఛార్జింగు ఎక్కకుండా ఆగిపోయింది. మరమ్మతు నా వృత్తే అయినా, వారంటీ ఉన్నదాన్ని నేను విప్పకూడదు గనుక ఆ కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాను. అక్కడి అమ్మాయి జాబ్ షీటులో, అంటే ఫోను తీసుకునేటప్పుడు వారు రాసే కాగితంలో, ఫిర్యాదు అన్న గడిలో "డెడ్" అని ఒక్క మాట రాసింది. ఫోను స్థితి అన్న గడిలో ఏదో టిక్కు పెట్టింది. నేను చదవకుండా సంతకం చేశాను. 11 రోజుల తరువాత, కింద పడి బోర్డు దెబ్బతిన్నదని చెప్పి డబ్బు అడిగారు. మా ఫోను కింద పడలేదు. కాని నేను ఇచ్చిన రోజున అది చెక్కుచెదరకుండా ఉందని చూపే అక్షరం ఒక్కటీ నా చేతిలో లేదు, పైగా ఆ టిక్కు పెట్టిన గడి అంచులు దెబ్బతిన్నాయన్నది. ఇరవై ఏళ్ళుగా ఇతరుల ఫోన్లు చూస్తున్నవాణ్ణి, నేనే డబ్బు కట్టి వచ్చాను. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చే ప్రతివారికీ చెప్పేది ఇదే: కంపెనీ మీ ఫోనును చూడదు, జాబ్ షీటును చూస్తుంది.

ఆ మాట ఎందుకంటున్నానో వివరిస్తాను. మీరు వెళ్ళే సర్వీసు సెంటరు చాలావరకు కంపెనీది కాదు, కంపెనీతో ఒప్పందం ఉన్న వేరొకరిది. వారంటీ కింద చేసిన పనికి వారికి డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది, వారు పంపిన రాతలు, ఫొటోలు చూసి కంపెనీ తేలుస్తుంది. అందువల్ల మొదటి రోజున రాసిన నాలుగు మాటలే చివరిదాకా నడుస్తాయి. పూర్వం ఇలా ఉండేది కాదు. 2007 ఆగస్టులో నోకియా కంపెనీ, తన బీఎల్-5సీ బ్యాటరీలలో 4.6 కోట్ల వాటికి ఛార్జింగు సమయంలో వేడెక్కే ప్రమాదం ఉందని తానే ప్రకటించింది. అవి మత్సుషిత అనే జపాను కంపెనీ 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా తయారుచేసినవి. వెనక మూత గోటితో తీసి, బ్యాటరీ మీది అంకెలు చూసి, ఆ వరుసలోదైతే ఉచితంగా ఇంకొకటి పొందే వీలుండేది. ఫోను మీ చేతిలోనే ఉండేది. ఇప్పుడు బ్యాటరీని లోపల జిగురుతో అంటించేస్తున్నారు, అందుకని బ్యాటరీ ఒక్కటే మారాలన్నా ఫోను మొత్తాన్ని మరొకరి చేతిలో పెట్టి, వారు చెప్పినది వినవలసి వస్తోంది.

లోపం ఒక ఫోనుదా, మొత్తం ఆ మోడలుదా అన్నదాన్ని బట్టి కంపెనీల నడక మారుతుంది. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు ఆగస్టు 19న అమ్మకానికి వచ్చాయి. బ్యాటరీలు మండుతున్నాయని సెప్టెంబరు 2న దాదాపు 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచారు. మారుగా ఇచ్చినవి కూడా మండటంతో అక్టోబరులో ఆ మోడలునే ఆపేశారు. 2017 జనవరిలో బయటపెట్టిన పరిశోధనలో తేలినదేమంటే, ఒక సరఫరాదారు బ్యాటరీలో సంచి మూల ఇరుకై లోపలి రేకు వంగింది, మారుగా వచ్చిన రెండో సరఫరాదారు బ్యాటరీలో వెల్డింగు వద్ద మిగిలిన ముళ్ళు పొరను చీల్చాయి. అంటే కొత్తది ఇచ్చినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. మీరు కొత్త ఫోను అడుగుతున్నారు గనుక ఇది చెబుతున్నాను.

ఇంకొక పద్ధతి సాఫ్ట్‌వేరుతో అణచిపెట్టడం. పాతబడిన బ్యాటరీ ఉన్న ఐఫోన్ల వేగాన్ని తగ్గించినట్టు యాపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది, ఆపై 2018లో బ్యాటరీ మార్పు ధరను బాగా తగ్గించింది. గూగుల్ 2025లో పిక్సెల్ 4ఎ, పిక్సెల్ 6ఎ ఫోన్లలో కొన్నింటికి బ్యాటరీ సామర్థ్యాన్ని తగ్గించే అప్‌డేటు పంపింది. 6ఎ విషయంలో 400 సార్లు ఛార్జింగు పూర్తయిన తరువాత అది పనిచేస్తుంది. దానికి బదులుగా ఉచిత బ్యాటరీ మార్పు, లేదా డబ్బు రూపంలో పరిహారం ఇస్తామన్నది. అందుచేత మీ మోడలు పేరుతో కంపెనీ సొంత వెబ్‌సైటులో అటువంటి ప్రకటన ఏదైనా ఉందేమో మీ బడిలో ఎవరి చేతనైనా చూపించండి. ఉంటే వాదనే అక్కరలేదు, ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, చెబితే చాలు.

లేదనుకోండి. అప్పుడు వారంటీ కార్డు తీయండి. చాలా కంపెనీలు ఫోనుకు 12 నెలలు, ఛార్జరు, వైరు వంటి విడి సామానుకు 6 నెలలు రాస్తాయి. బ్యాటరీని ఏ వరుసలో చేర్చారో అక్షరం అక్షరం చూడండి. లోపల అంటించిన బ్యాటరీ ఫోనులో భాగమే, దాన్ని విడిగా 6 నెలల వరుసలో రాయకపోతే 12 నెలల గడువే వర్తిస్తుందని అడగండి. 6 నెలలని స్పష్టంగా రాసి ఉన్నా ఆశ వదులుకోనక్కరలేదు. వినియోగదారుల చట్టం ప్రకారం వస్తువులో లోపం ఉందని చూపగలిగితే బాగుచేయించమనీ, మార్చమనీ, డబ్బు తిరిగి ఇమ్మనీ కోరవచ్చు, కార్డు మీది గడువు ఒక్కటే దానికి కొలమానం కాదు.

వెళ్ళేముందు ఫోనును చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి, పక్కన పిల్లల స్కేలు ఉంచి, లేచిన అంచుకు వెలుతురు తగిలేలా రెండు మూడు ఫొటోలు ఇంకొకరి ఫోనుతో తీయించండి. నాలుగు మూలలకు, తెరకు, సిమ్ము సందుకు కూడా తీయించండి. సర్వీసు సెంటరులో జాబ్ షీటు మీద "బ్యాటరీ ఉబ్బింది, వెనక మూత లేచింది, ఛార్జింగులో వేడెక్కుతోంది, పడలేదు, తడవలేదు, బయట విప్పలేదు" అని రాయమనండి. వారు ఒడియాలోనో, ఇంగ్లీషులోనో తమ ధోరణిలో కుదించి రాస్తే, సంతకం పైన మీ చేతిరాతతో తెలుగులోనే ఆ ఆరు మాటలూ రాసి తేదీ వేయండి, ఆ కాగితానికి అక్కడే ఫొటో తీసుకోండి. ఫోనును కొరియరులో మాత్రం పంపవద్దు. పాడైన లిథియం బ్యాటరీలను విమానంలో పంపడం నిషేధం. మీరు స్వయంగా బస్సులో తీసుకెళ్ళండి, ఆపివేసి, చేతిలోనే ఉంచుకుని.

బరంపురమే వెళ్ళాలని కూడా లేదు. "మీది ఒడిశా కదా" అన్న దుకాణదారు మాటకు అర్థం లేదు. ఈ దేశంలో అమ్మిన ఫోనుకు కంపెనీ ఇచ్చే వారంటీ దేశమంతటా చెల్లుతుంది, బిల్లు శ్రీకాకుళందైనా బరంపురంలో చూడాలి, మీరు ఒడిశావారైనా శ్రీకాకుళంలో చూడాలి. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నంలో సరుకులు కొనుక్కుని తిరిగి వచ్చే మనకు ఈ రెండు రాష్ట్రాల మాట ప్రతి దుకాణంలోనూ ఎదురయ్యేదే, అందుకే కాస్త కోపంగా రాస్తున్నాను. 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ చిక్కును తీర్చింది. వస్తువు ఎక్కడ కొన్నా, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. దుకాణాన్నీ, సర్వీసు సెంటరునూ, కంపెనీనీ ముగ్గురినీ కలిపి ఎదుటి పక్షంగా చూపవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, సమస్య మొదలైన నాటినుంచి 2 ఏళ్ళ గడువు ఉంది. అంత దాకా పోకముందు 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం, తెలుగులోనూ మాట్లాడతారు. జాబ్ షీటు నంబరు చెబితే ఫిర్యాదును కంపెనీకి పంపుతారు, సర్వీసు సెంటరులో తెగనివి చాలాసార్లు అక్కడ తెగుతాయి.

కొత్త ఫోను అడగవచ్చా అన్నారు. అడగవచ్చు. కాని కంపెనీ మొదట బ్యాటరీ మారుస్తానంటుంది, ఉబ్బు వల్ల తెర గాని బోర్డు గాని వంగి ఉంటే అవీ మారుస్తానంటుంది. అదే లోపం మళ్ళీ వస్తేనో, విడిభాగాలు దొరక్కపోతేనో ఫోను మార్పు దాకా వస్తుంది. మొదటిసారి బ్యాటరీ మార్పు ఉచితంగా చేస్తామంటే ఒప్పుకోమనే నా సలహా. మార్చాక ఒక వారం ఛార్జింగులో వేడిని గమనించండి. మళ్ళీ మూత లేచినా, వేడెక్కినా రెండో జాబ్ షీటు రాయించండి. ఒకే ఫోనుకు ఒకే ఫిర్యాదుతో రెండు కాగితాలు ఉంటే కొత్త ఫోను అడగడానికి మీకు గట్టి ఆధారం ఉన్నట్టు.

600 రూపాయల బ్యాటరీ వేయించవద్దు. ఆ కుర్రాడి పనితనం మీద నాకు చిన్నచూపు లేదు, నేనూ ఆ పని చేసి బతికేవాణ్ణే. వారంటీ ఉండగా బయట విప్పితే ఇంతవరకూ చెప్పినదంతా వృథా అవుతుంది. వారంటీ అయిపోయాక ఎప్పుడైనా బయట వేయించవలసి వస్తే, బ్యాటరీ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు ఉన్నాయో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి, అది ఏ తయారీదారుదో సరిచూసుకున్న తరువాతే వేయించండి.

శ్రీకాకుళం దుకాణం బిల్లు మెషీనులో నుంచి వచ్చిన నున్నటి కాగితం అయి ఉంటుంది. ఆ అక్షరాలు వేడికి వెలిసిపోతాయి, ఏడాది తిరిగేసరికి తెల్ల కాగితం మిగులుతుంది. రేపు బడికి వెళ్ళేటప్పుడు దారిలో దానికి రెండు జిరాక్సులు తీయించి, ఒకటి వారంటీ కార్డుతో పాటు ఇంట్లో పెట్టి, ఇంకొకటి సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళండి. అసలు బిల్లు ఎవరడిగినా చూపించండి, చేతికి మాత్రం ఇవ్వకండి.